విలేకరి జీతం స్కేలుతో కొలిచిన రోజులు

ఎడిటర్ గారికి నమస్కారం.

మండల విలేకర్లంతా వసూళ్ల బ్యాచేనని మొన్న మీ లేఖల పేజీలో ఒకాయన రాశారు. ఆయన కోపం అర్థమైంది, అలాంటివాళ్లు లేరని నేనేమీ బుకాయించను. కానీ ఆ విలేకరి చేతిలో పత్రిక ఎంత పెడుతుందో తెలిసుంటే ఆయన ఉత్తరం ఇంకో రెండు పేరాలు పెరిగేది.

1989లో ఈనాడు జిల్లా టాబ్లాయిడ్లు, అంటే జిల్లా వార్తలకని చిన్న సైజు పేజీలు, మొదలుపెట్టాక మిగతా పత్రికలూ అదే బాట పట్టాయి, దాంతో మండలానికో మనిషి కావాల్సొచ్చాడు. అలా దొరికినవాళ్లలో నేనొకణ్ని. ఊరు ముమ్మిడివరం, పత్రిక పేరు మాత్రం అడగొద్దు. పొద్దున్నా రాత్రీ ట్యూషన్లు చెప్పుకుంటూ మధ్యలో వార్తలు రాసేవాణ్ని. అపాయింట్‌మెంట్ కాగితం లేదు, జీతం లేదు, ఉన్నదల్లా లైన్ అకౌంట్. అంటే వార్త ఎన్ని సెంటీమీటర్లు అచ్చయితే అన్ని డబ్బులన్నమాట. నెలాఖరు వచ్చిందంటే పాత పేపర్లన్నీ ముందేసుకుని, నా వార్తలు కత్తిరించి, తెల్లకాగితాల మీద వరసగా అతికించి, ట్యూషన్ పిల్లాడి స్కేలు తీసుకుని కొలిచి, పక్కన అంకెలు వేసి, అడుగున మొత్తం కూడి ఆఫీసుకి పంపేవాణ్ని. డెస్క్‌లో కూర్చున్న సబ్ఎడిటర్ గారు నా అరపేజీ వార్తను ఆరు లైన్లకు కుదిస్తే భాష బాగుపడేదేమో, నా జేబుకి మాత్రం కత్తెర పడేది.

లోకల్ వార్తల చివర ‘ఈ కార్యక్రమంలో ఫలానా ఫలానా పాల్గొన్నారు’ అని బారెడు పేర్లుంటాయి చూడండి, అవి చదివి పట్నం వాళ్లు నవ్వుకుంటారు. ఆ పేర్ల వాళ్లంతా మర్నాడు పేపరు కొనేవాళ్లు, మాకేమో ఓ సెంటీమీటరు కలిసొచ్చేది. ఎవరికీ నష్టం లేదు!

రాసిన కవరు సాయంత్రం బస్సు డ్రైవరు చేతికిస్తే అమలాపురం, రావులపాలెం మీదుగా రాజమండ్రి చేరేది. కాకినాడ కలెక్టరేట్‌లో పనుంటే ఎదుర్లంక రేవులో పంటు ఎక్కి గోదావరి దాటి యానాం మీదుగా పోవాలి, అక్కడి వంతెన 2002లో గానీ రాలేదు. పంటుకీ బస్సుకీ డబ్బులు మనవే. సెంటీమీటర్ల లెక్కలో దారి ఖర్చు అనే గడి ఉండదు మరి.

1996 నవంబరు 6 సాయంత్రం తుపాను వచ్చింది, కోనసీమ వాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. వెయ్యి మందికి పైగా పోయారు, భైరవపాలెం, బలుసుతిప్ప వైపు వేటకెళ్లిన మత్స్యకారులు ఎంతోమంది తిరిగిరాలేదు. కరెంటు లేదు, ఫోన్లు లేవు, రోడ్డుకి అడ్డంగా కొబ్బరిచెట్లు పడిపోయి బస్సన్నది కదల్లేదు. తుపాను వార్త రాసిన కవరు చొక్కాలో పెట్టుకుని, చెట్టు అడ్డం వచ్చినప్పుడల్లా సైకిలెత్తి అవతల పెట్టుకుంటూ అమలాపురం దాకా వెళ్లి ఇచ్చొచ్చాను. తర్వాత రోజుల్లో ఊరూరా తిరిగి, ఇంటింటి గుమ్మంలో అడిగి, చనిపోయినవాళ్ల పేర్లు రాసుకొచ్చి పంపాను, పొడుగ్గా ఒక కాలమ్ నిండా వేశారు. నెలాఖరున ఆ జాబితానీ కత్తిరించి, అతికించి, స్కేలు పెట్టి కొలిచాను. ఇంటద్దె కట్టాలి కదండీ.

ఇక ప్రకటనలు. ఉగాదికి, పంద్రాగస్టుకి, దసరాకి ఇంత తేవాలని టార్గెట్. పొద్దున ఏ రేషన్ డీలరు మీద వార్త రాశానో సాయంత్రం అదే డీలరు దగ్గర శుభాకాంక్షల ప్రకటన కోసం నిలబడాలి. ఆయన నవ్వి, ‘వార్తకా, ప్రకటనకా మాస్టారూ, దేనికిమ్మంటారు?’ అనేవాడు. వసూళ్లు నేర్పిన బడి ఏదో ఉత్తరం రాసినాయన కనుక్కోవచ్చు.

వర్కింగ్ జర్నలిస్టుల చట్టం 1955లో వచ్చింది, పత్రికల్లో పనిచేసేవాళ్ల జీతాలు తేల్చే మజీథియా వేజ్‌బోర్డు సిఫార్సులు 2011లో నోటిఫై అయ్యాయి, మా గుమ్మం దాకా మాత్రం ఏదీ రాలేదు. ఇప్పుడు బస్సు కవర్లు పోయి వాట్సాప్ వచ్చింది. మా మండలంలో ఒక కుర్రాడు ఫోన్ పట్టుకుని రోజంతా ఎండలో తిరుగుతున్నాడు, మొన్న టీ కొట్టు దగ్గర కనిపిస్తే ‘ఎంతిస్తున్నార్రా’ అని అడిగాను. ‘ఇవ్వడమేంటండీ, యాడ్స్ టార్గెట్ కాకపోతే నేనే ఎదురు కట్టాలి’ అన్నాడు. పెట్రోలు వాళ్ల నాన్న డబ్బులతో పోయించుకుంటున్నాడట. నాకు కనీసం సెంటీమీటర్లయినా ఉండేవి.

ఎడిటర్ గారూ, విలేకర్ల అవినీతి మీద మీరు ఉత్తరం వేశారు, మంచిదే. మీ పత్రిక మండల విలేకరికి నెలకి ఎంతిస్తున్నారో, ప్రకటనల టార్గెట్ ఎంత పెడుతున్నారో, అదే పేజీలో, అంతే సైజు అక్షరాల్లో వేయండి. ఈ ఉత్తరానికి జవాబుగా వేసినా సరే.

ఇట్లు,
ఒక పాత విలేకరి,
ముమ్మిడివరం, కోనసీమ జిల్లా