తనిఖీ గడువు దాటిన ఫైలును శుభ్రమైనదిగా లెక్కించవద్దు

సంపాదకులకు నమస్కారం.

ప్రజల నుంచి వచ్చే దరఖాస్తులను, వాటి జతపత్రాలను వైరస్‌ల కోసం రాత్రివేళ తనిఖీ చేసే స్క్రిప్టులు (తమంతట తామే నడిచే చిన్న ప్రోగ్రాములు) అనేక కార్యాలయాల సర్వర్లలో నడుస్తున్నాయి. వాటిని రాసే, నిర్వహించే నా తోటి ఉద్యోగులకు మీ పత్రిక ద్వారా ఒక మనవి.

నేను పనిచేసే చోట అటువంటి స్క్రిప్టు ఒక రాత్రి ఒకే ఫైలు దగ్గర నిలిచిపోయింది. నిజానికి అది మామూలు ఫైలు కాదు, ఆ ఫోల్డరులో పొరపాటున మిగిలిపోయిన, ఒక ప్రోగ్రాము నుంచి మరొకదానికి సమాచారం అందించే నేమ్‌డ్ పైప్. లైనక్స్‌లో దాన్ని చదవడానికి తెరిచిన ప్రోగ్రాము, రాయడానికి మరొక ప్రోగ్రాము తెరిచేంతవరకూ అలా ఎదురుచూస్తూనే ఉంటుంది. ఎర్రరేదీ రాలేదు, లాగ్‌లో ఒక్క వాక్యమైనా పడలేదు. తెల్లవారేసరికి దాని వెనుక వరుసలో ఉన్న ఫైళ్లన్నీ తనిఖీ కాకుండా మిగిలాయి.

మామూలు ఫైళ్లనే ఎంచుకొమ్మని, ఫైళ్లను వెతికే ఫైండ్ కమాండుకు చెబితే ఈ ఒక్క చిక్కు తీరుతుంది. అయితే స్పందించని నెట్‌వర్క్ డ్రైవు ఉండవచ్చు, 42 కిలోబైట్లే ఉండి పూర్తిగా విప్పితే 4.5 పెటాబైట్లయ్యే (45 లక్షల గిగాబైట్లు) పేరుమోసిన ఒక జిప్, అంటే కుదించిన ఫైలు, వంటిది రావచ్చు. అందుకే తనిఖీకి సమయ గడువు తప్పనిసరి. దాన్ని స్క్రిప్టు మొత్తానికి కాక ఒక్కొక్క ఫైలుకు పెట్టాలి. లేకపోతే ఒక్క ఫైలు చేసిన ఆలస్యానికి మిగతావన్నీ బలవుతాయి. లైనక్స్‌లోని టైమ్‌అవుట్ కమాండు గడువు దాటితే ప్రోగ్రామును ఆపి 124 అనే సంఖ్యను తిరిగి ఇస్తుంది, మాట వినని ప్రోగ్రామును కొద్ది సెకన్ల తర్వాత బలవంతంగా ముగించే ఏర్పాటు కూడా అందులో ఉంది. పైథాన్ భాషలో స్క్రిప్టు రాసేవారు మాత్రం ఒక సంగతి గమనించాలి: సబ్‌ప్రాసెస్ అనే సాధనంలో పెట్టిన గడువు మనం నేరుగా ప్రారంభించిన ప్రోగ్రామునే ఆపుతుంది, అది పుట్టించిన ఇతర ప్రోగ్రాములు వెనుక నడుస్తూనే ఉండవచ్చు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది గడువు పెట్టిన తర్వాత జరిగే పొరపాటు. ఆ 124ను పట్టించుకోని స్క్రిప్టు, తనిఖీ పూర్తికాని ఫైలును వైరస్ లేని ఫైళ్ల లెక్కలో కలిపేస్తుంది. క్లామ్‌ఏవీ అనే వైరస్ తనిఖీ ప్రోగ్రాములో ఒక్కో ఫైలుకు ముందే 2 నిమిషాల పరిమితి ఉంది. అది దాటిన ఫైలు గురించి హెచ్చరిక రావాలంటే ఆ సెట్టింగును మనమే ఆన్ చేసుకోవాలి.

మా ఉదయపు నివేదికలో ఇప్పుడు 'పూర్తికానివి' అనే మూడవ వరుస చేర్చాము. అందులోని ప్రతి ఫైలునూ ఒక మనిషి పేరుపేరునా చూసి, ఎక్కువ గడువుతో మళ్లీ తనిఖీ చేయిస్తారు. అంతవరకూ అది ఏ అధికారి కంప్యూటరుకూ చేరదు.

ఇట్లు,
ఒక సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్,
విజయవాడ