మార్పిడి గడువు పండగ నుంచి లెక్కపెట్టండి

ఎడిటర్ గారికి,

సంక్రాంతి దగ్గర పడేకొద్దీ తిరుపతి గాంధీ రోడ్డులోనూ చిత్తూరు బజారు వీధిలోనూ ఆఫర్ బోర్డులు పెరుగుతాయి. బోర్డు మీద అంకె బారెడు ఉంటుంది, బిల్లు వెనక మార్పిడి షరతు చీమతలకాయంత ఉంటుంది. పండక్కి కొనే బట్టల్లో సగం ఆడబిడ్డకో, అల్లుడికో, వియ్యపురాలికో పెట్టేవే కాబట్టి ముందు చదవాల్సింది ఆ చీమతలకాయ అక్షరాలనే.

'ఏడు రోజుల్లో మార్చుకోవచ్చు' అని ఉంటే ఆ ఏడు రోజులూ బిల్లు తేదీ నుంచే మొదలవుతాయి. జనవరి 3న కొన్న చీరకు 10వ తేదీతో గడువు చెల్లిపోతుంది. పెట్టేదేమో భోగి నాడో, పండగ నాడో. కవరు విప్పేసరికే దారి మూసుకుపోయి ఉంటుంది. పలమనేరు నుంచో పుత్తూరు నుంచో వచ్చి కొన్నవాళ్లకు పశువుల పండగ దాటితే గాని మళ్లీ బస్సెక్కే తీరిక దొరకదు. ఆ చీర బీరువాలో పడుకుని, ఎప్పుడో ఇంకో ఇంటి పేరంటానికి బయల్దేరుతుంది. కొట్లవాళ్లు పండగకు ముందు మూడు వారాల బిల్లుల మీద 'జనవరి 25 వరకు మార్పిడి' అని రబ్బరు ముద్ర వేస్తే చాలు. దాంతోపాటు ధర వేయని మార్పిడి చీటీ ఒకటి చేతికిస్తే పెట్టినవాళ్లకు మొహమాటం తప్పుతుంది. ధర స్టిక్కరు గోటితో గీకి, బార్‌కోడ్ కూడా చింపేసి, కౌంటర్లో మాట పడే బాధా పోతుంది.

'ఒకటి కొంటే ఒకటి ఫ్రీ'లో ఇంకో చిక్కుంది. రెండు వేల చీరకు జతగా ఇంకోటి ఇచ్చినప్పుడు బిల్లు రెండు రకాలుగా పడొచ్చు: ఒకదానికి 2,000, రెండోదానికి సున్నా, లేదంటే చెరి వెయ్యి. వాటిని ఇద్దరు కోడళ్లకు పెడితే, సున్నా పడిన చీర తెచ్చిన కోడలికి మార్చుకోవడానికి విలువే ఉండదు. 'రెండూ తీసుకురండమ్మా' అంటారు. బిల్లు కొట్టక ముందే చెరి సగం వేయమని అడగాలి. 'మూడు కొంటే ఒకటి ఫ్రీ' అంటే నాలుగూ ఒకే ధరవైతే 25 శాతం తగ్గింపు. ఫ్రీగా వచ్చేది ధర తక్కువదైతే అంత కూడా కాదు. '50+20' అంటే డెబ్బై కాదు, అరవై: వెయ్యి రూపాయలది ముందు సగమై అయిదొందలకు దిగుతుంది, ఆ అయిదొందల మీద ఇరవై శాతం పోతే నాలుగొందలు.

పెట్టే చీరకు ముందే ఫాల్, పీకో కుట్టించడం మర్యాదే. కానీ సూది పడిన చీరను, జాకెట్ గుడ్డ కత్తిరించిన చీరను మామూలుగా ఏ కొట్టూ వెనక్కి తీసుకోదు. కుట్టు కూలి విడిగా చేతిలో పెట్టండి. జాకెట్ బిట్టు 80 సెంటీమీటర్లది ఒళ్లున్నవాళ్లకు, మోచేతుల దాకా చేతులు కావాలన్నవాళ్లకు చాలదు. మీటరు అడిగి కోయించుకోవాలి. పేరంటాల్లో బిట్లు ఇల్లిల్లూ తిరగడానికి ఒక కారణం ఇదే.

మగవాళ్ల కాంబో డబ్బాల్లో 58 అంగుళాల పన్నాతో ప్యాంటుకు 1.20, షర్టుకు 1.60 మీటర్ల గుడ్డ పెట్టడం మామూలు. ఆరడుగుల అల్లుడికి ఫుల్ చేతులు కుట్టబోతే టైలరు తల అడ్డంగా ఊపుతాడు. రెడీమేడ్ షర్టయితే 40, 42 నంబర్లను నమ్మొద్దు, కంపెనీకో కొలత. ఆయన తొడిగే షర్టును బల్ల మీద పరిచి, గుండీలు పెట్టి, ఒక చంక కుట్టు నుంచి రెండో చంక కుట్టు దాకా కొలిచి రెట్టింపు చేయండి. ఆ అంగుళాలు పట్టుకుని కొట్టుకెళ్లి, కొత్త షర్టునూ అలాగే పరిచి చూడండి.

ఆఫర్‌లో 'సాఫ్ట్ సిల్క్', 'ఆర్ట్ సిల్క్' అంటే పట్టు అనుకోవద్దు, వాటిలో చాలావరకు పాలిస్టరో, రేయానో ఉంటుంది. కొంగు అంచున వేలాడే పోగు ఒకటి కాల్చి చూస్తే పట్టయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి నలిపితే పొడి అవుతుంది, పాలిస్టరయితే కరిగి గట్టి పూస కడుతుంది. అసలు పట్టుకు సిల్క్ మార్క్ చీటీ అడగొచ్చు. వియ్యపురాలు కనిపెట్టే లోపు మనమే కనిపెట్టడం మేలు.

రంగు నచ్చలేదని మార్చి తీరాలని చట్టం ఏమీ చెప్పదు. అది కొట్టువాళ్ల షరతే. చిరుగు, నేతలో లోపం, రంగు దిగడం మాత్రం వేరు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోపు, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోనంటే అది అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు ఇవ్వకపోవడమూ అంతే. ఫిర్యాదును జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు తెలుగులోనే చెప్పొచ్చు. బిల్లు ఫొటో, లోపం ఫొటో ముందే తీసి పెట్టుకోండి. థర్మల్ కాగితం బిల్లు మీద అక్షరాలు ఎండకు, వేడికి త్వరగా మాసిపోతాయి.

— ఒక పాఠకురాలు, చిత్తూరు