ఏ పరీక్షో, ఎన్ని నిమిషాలో కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

ప్రాదేశిక సామర్థ్యంలో, అంటే ఆకారాలను, దారులను మనసులో ఊహించుకునే నేర్పులో, పురుషులదే పైచేయి అనే వార్తలు తరచూ వస్తుంటాయి. ఏ పరీక్ష పెట్టారో, ఎంత సమయం ఇచ్చారో, మార్కులు ఎలా వేశారో వాటిలో కనిపించదు. ఇవి చెప్పకుండా అంత పెద్ద మాట అనేయడం అన్యాయం.

ఈ రంగంలో బాగా వాడుకలో ఉన్న పరీక్షను వాండెన్‌బర్గ్, క్యూజ్ అనే పరిశోధకులు 1978లో రూపొందించారు. చిన్న ఘనాలను అతికించినట్లుండే ఒక బొమ్మ ఇస్తారు. పక్కనున్న నాలుగింటిలో అదే ఆకారాన్ని తిప్పి గీసినవి రెండుంటాయి, వాటిని పట్టుకోవాలి. మామూలుగా పాటించే పద్ధతిలో రెండూ సరిగ్గా గుర్తిస్తేనే మార్కు. ఒకటి మాత్రమే గుర్తిస్తే సున్నా. గడువేమో కొద్ది నిమిషాలే. ప్రతి జవాబునూ మళ్లీ సరిచూసుకునేవారు చివరి ప్రశ్నల దాకా చేరలేరు. అంటే బొమ్మను మనసులో తిప్పే నేర్పుతో పాటు వేగం, తెగువ కూడా ఆ మార్కుల్లో కలిసిపోతున్నాయి.

డేనియల్ వోయర్ అనే పరిశోధకుడు 2011లో పాత అధ్యయనాలను కలిపి చూస్తే, గడువు బిగించినచోట స్త్రీ పురుషుల మధ్య తేడా పెరిగింది, గడువు లేనిచోట తగ్గింది. పూర్తిగా పోలేదు, ఆ సంగతీ చెప్పాల్సిందే. అయితే 2012లో ఎస్టిస్, ఫెల్కర్ చేసిన ప్రయోగం నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. తమ జవాబుపై నమ్మకం ఉన్నా లేకపోయినా ఫలితం మారని విధంగా పరీక్ష పెడితే తేడా మాయమైంది. మరొకరి వైపు నుంచి దారిని ఊహించే పరీక్షల్లోనూ ఇలాంటిదే జరిగింది: బొమ్మలో ఒక మనిషిని చేర్చి, ఎదుటివారి దృష్టిని అర్థం చేసుకునే పరీక్షగా పరిచయం చేస్తే స్త్రీలు వెనకబడలేదని 2016లో తరంపి బృందం చూపింది.

సాధనతో ఈ సామర్థ్యం మెరుగుపడుతుందని 217 అధ్యయనాలను పరిశీలించిన అటల్ బృందం 2013లోనే తేల్చింది.

ప్రవేశాలకు, ఉద్యోగాలకు ఇలాంటి ప్రశ్నలు పెట్టేవారు ఆ చదువుకు, ఆ పనికి అంత వేగం నిజంగా అవసరమా అని ముందు తేల్చుకోవాలి. అవసరం లేకపోతే గడువు పెంచాలి, సరైన ప్రతి గుర్తింపుకూ విడిగా మార్కు ఇవ్వాలి. పత్రికలను కోరేది ఇంకా తేలిక: పరీక్ష పేరు, గడువు, మార్కుల పద్ధతి వార్తలోనే ఒక్క వాక్యంలో ఇవ్వండి.

– ఒక పాఠకురాలు