క్లాసులో పుట్టినరోజు బహుమతులకి ఒక హద్దు పెట్టుకుందాం

సంపాదకుల వారికి నమస్కారం.

మా పాప విజయనగరంలో ఓ ప్రైవేటు స్కూల్లో యూకేజీ చదువుతోంది. ఈ వయసు పిల్లలున్న ఏ ఇంట్లో అడిగినా చెబుతారు, నెల తిరక్కుండానే క్లాసులో ఎవరిదో ఒకరి పుట్టినరోజు వస్తుంది, వాట్సాప్ గ్రూపులో కార్డు పడుతుంది, ఇక ఏం కొనాలి, ఎంతలో కొనాలి అని టెన్షన్ మొదలు. ఇది పేపరుకి రాయాల్సినంత విషయమా అంటారేమో, కానీ దీనివల్ల కొందరు పిల్లలు పార్టీలకే రావడం మానేస్తున్నారు.

మా పాప పక్కన కూర్చునే అమ్మాయి మొన్న ఒక పార్టీకి రాలేదు. వాళ్ళమ్మ బట్టల కొట్లో పని చేస్తుంది. స్కూలు గేటు దగ్గర కనిపిస్తే పాపకి ఎలా ఉందమ్మా అని అడిగాను, జ్వరమని గ్రూపులో పెట్టింది కదా అని. ఆవిడ పక్కకి పిలిచి, "జ్వరం ఏటీ లేదమ్మా. అందరూ ఐదొందలు, వెయ్యి పెట్టి కొంటన్నారు. మేం వంద రూపాయలది పట్టుకెళ్తే అందరి ముందూ విప్పుతారు, పిల్ల చిన్నబోతాది. అందుకే పంపలేదు" అంది. ఐదేళ్ళ పిల్లకి కేకు మీద, బెలూన్ల మీద ఎంత ఆశ ఉంటుందో మనకి తెలుసు కదా, ఆ ఆశని లేని జ్వరం పేరు చెప్పి ఆపాల్సి వచ్చిందంటే తప్పు ఆ తల్లిది కాదు, ఇంత ఖర్చుని అలవాటు చేసిన మన అందరిదీ.

మన వైపు పెళ్ళిళ్ళలో చదివింపులు ఉంటాయి. ఎవరెంత చదివించారో పుస్తకంలో రాసుకుని, వాళ్ళింట్లో శుభకార్యం వచ్చినప్పుడు అంతకి తగ్గకుండా తిరిగి పెడతాం. పెద్దాళ్ళ మధ్య అదొక చేబదులు, ఖర్చులో ఉన్న ఇంటికి అక్కరకొచ్చే పద్ధతే, దాన్ని నేను తప్పు పట్టను. ఇప్పుడు యూకేజీ పిల్లల పుట్టినరోజులు కూడా అచ్చం చదివింపుల్లాగే తయారయ్యాయి. వాళ్ళు మనకి ఇంతది తెచ్చారు కాబట్టి మనం అంతకి మించి తీసుకెళ్ళాలి అని లెక్క. పిల్లలకి ఈ లెక్క తెలియదు, వాళ్ళకి డబ్బా ఊడదీస్తే వచ్చేదేమిటన్నదే ముఖ్యం, ఒక్కోసారి ఆ డబ్బాతోనే ఎక్కువసేపు ఆడుకుంటారు కూడా.

అందుకని నేను అడిగేది ఒక్కటే. జూన్‌లో బడులు తెరిచాక జరిగే మొదటి పేరెంట్స్ మీటింగులో క్లాసు టీచరే ఈ మాట చెప్పాలి, ఈ క్లాసులో పుట్టినరోజు బహుమతి నూటయాభై రూపాయలు దాటకూడదు, పార్టీలో అందరి ముందూ విప్పకూడదు అని. తల్లిదండ్రుల్లో ఎవరో ఒకరు చెబితే పిసినారి అనుకుంటారు, మరొకరు నొచ్చుకుంటారు. టీచరు చెబితే ఆ గొడవ లేదు, ఉన్నవాళ్ళకీ లేనివాళ్ళకీ ఒకే మాట. ఇంట్లో తమ పిల్లలకి ఎంత పెట్టి కొనుక్కున్నా అది వాళ్ళిష్టం.

నూటయాభైకి ఏమొస్తుంది అని అడుగుతారు. చాలా వస్తాయి, కాకపోతే ఫ్యాన్సీ షాపులో తళతళలాడే వాటి ముందు నిలబడితే కనపడవు. మొన్న గంటస్తంభం వైపు ఓ షాపులో నూరు రూపాయల బొంగరం చూపించారు, తిప్పితే లైట్లు వెలుగుతాయి, పాట వస్తుంది. వెనక మూత గోరుతో లాగితే ఊడొచ్చింది, లోపల చొక్కా గుండీలంత బ్యాటరీలు మూడు ఉన్నాయి. డబ్బా అంతా తిప్పి చూసినా తయారుచేసిన వాళ్ళ పేరు లేదు, ఐఎస్ఐ గుర్తు లేదు. ఆ గుండీ బ్యాటరీ పిల్లలు మింగితే, అది గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల తీవ్రంగా కాలిపోతుంది. అలా జరిగిందని ఏ మాత్రం అనుమానం వచ్చినా, రేపు చూద్దాంలే అనుకోకుండా, వాంతి చేయించకుండా, నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. పార్టీకి వచ్చిన పిల్లల వెంట చాలాసార్లు ఏడాది, రెండేళ్ళ తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ కూడా వస్తారు, నేల మీద ఏది దొరికినా నోట్లో పెట్టుకునే వయసు వాళ్ళది. అందుకే బ్యాటరీ ఉన్న బొమ్మ కొనాల్సే వస్తే మూతకి స్క్రూ ఉందో లేదో ముందు చూడండి.

మన దేశంలో పద్నాలుగేళ్ళలోపు పిల్లల బొమ్మలకి ఐఎస్ఐ గుర్తు 2021 జనవరి 1 నుంచి తప్పనిసరి. గుర్తు కింద సీఎం/ఎల్ అని ఒక నంబరు ఉంటుంది, ఈ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్‌ది ఫోన్లో బీఐఎస్ కేర్ అని ఒక యాప్ ఉంది, అందులో ఆ నంబరు కొడితే లైసెన్సు నిజమో కాదో తెలిసిపోతుంది, ఫిర్యాదు కూడా అందులోనే చేయొచ్చు. కొనేవాళ్ళం అడగడం మొదలుపెడితే షాపువాళ్ళు కూడా గుర్తున్న సరుకే తెప్పిస్తారు.

ఏటికొప్పాక లక్కబొమ్మల మీద ఈ గుర్తు కనిపించకపోతే కంగారు పడక్కర్లేదు. వాటికి 2017లో, ఫలానా ఊరి ప్రత్యేక వస్తువు అని ఇచ్చే భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది, అలాంటి వస్తువులకి ఈ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. అంకుడు కర్రతో చేసి, చెట్ల నుంచి వచ్చే రంగులు వేస్తారు. మన పక్కనున్న అనకాపల్లి జిల్లా ఊరే కదా, అటు వెళ్ళినప్పుడు చిన్న బొంగరాలు నాలుగు తెచ్చి ఉంచుకుంటే నాలుగు పుట్టినరోజులకి సరిపోతాయి. కాకపోతే మరీ చిన్నవి మూడేళ్ళలోపు పిల్లల చేతికి ఇవ్వకూడదు, అది ఏ బొమ్మకైనా అంతే.

నా ఓటు మాత్రం తెలుగు బొమ్మల పుస్తకాలకి. నేషనల్ బుక్ ట్రస్టు, ప్రథమ్ బుక్స్, మంచి పుస్తకం లాంటి వాళ్ళు చిన్నపిల్లల కోసం తక్కువ ధరకే వేస్తున్నారు. పేజీకి రెండే వాక్యాలు, పెద్ద అక్షరాలు, నిండా బొమ్మలు. మన పిల్లలు పగలంతా ఇంగ్లీషు రైమ్స్ పాడి వస్తారు, రాత్రి పక్కలో నానమ్మో తాతయ్యో తెలుగులో ఓ కథ చదివితే అదే కథ రేపూ చదవమంటారు, ఎల్లుండీ చదవమంటారు. వెయ్యి రూపాయల రిమోట్ కారుని అన్ని రోజులు పట్టుకున్న పిల్లల్ని నేను చూడలేదు. పుస్తకం వద్దనుకుంటే లావు క్రేయాన్లు, పెద్ద డ్రాయింగ్ బుక్, తాడాట తాడు, రబ్బరు బంతి, ఏదైనా పర్లేదు. కొనేటప్పుడు మన పిల్లల్నీ వెంట తీసుకెళ్ళండి, వాడికి బస్సులంటే ఇష్టం, దానికి పసుపు రంగు ఇష్టం అని మనకి తెలియనివన్నీ వాళ్ళే చెబుతారు. మా పాప ఎప్పుడూ తన కోసం ఒకటి కూడా అడుగుతుంది, అది వేరే సంగతి.

రిటర్న్ గిఫ్టుల గురించీ ఒక్క మాట. పండులా వాసన వచ్చే రబ్బర్లు ఈ వయసు పిల్లలకి వద్దు, కొరుకుతారు. ప్లాస్టిక్ పుల్లలు గుచ్చిన బెలూన్లు అసలే వద్దు, ఆ పుల్లల్ని 2022 జులై 1 నుంచే నిషేధించారు. ఒక పెన్సిలు, పల్లీ చిక్కీ చాలు, పల్లీలు పడని పిల్లలెవరైనా ఉన్నారేమో ముందు గ్రూపులో అడిగితే సరి.

వచ్చే పేరెంట్స్ మీటింగులో ఈ విషయం ఎత్తమని మా టీచరుగారిని అడిగాను, సరేనన్నారు. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఏ స్కూల్లోనైనా ఇప్పటికే ఇలాంటి కట్టుబాటు ఉంటే, ఎంత హద్దు పెట్టుకున్నారో, తల్లిదండ్రులు ఏమన్నారో మీ లేఖల శీర్షికకే రాయమని మనవి. మీటింగులో చూపించుకోవడానికి మాకు పనికొస్తుంది.

ఇట్లు
యూకేజీ చదివే ఓ పాప తల్లి,
విజయనగరం.