కామిక్ పుస్తకాలు అచ్చువేసి బడులకు పంపండి

సంపాదకుల వారికి,

2021 మార్చి 24న కేంద్ర విద్యాశాఖ మంత్రి రమేశ్ పోఖ్రియాల్ గారు బడిపిల్లల కోసం వంద పైచిలుకు కామిక్ పుస్తకాలు విడుదల చేశారని చదివాను. అదే రోజు నుంచి మన తెలంగాణలో కరోనా భయంతో బడులు మళ్లీ మూతపడ్డాయి. ఈ రెండూ ఒకే రోజు జరిగాయి, కానీ ఒకదానికి ఒకటి ఎలా సంబంధమో ఎవరూ ఆలోచించినట్టు లేదు. దీని గురించి ఎవరైనా పెద్దలు రాస్తారని ఇన్నాళ్లు చూశాను. నాగార్జునసాగర్ అసెంబ్లీ ఉప ఎన్నిక హడావిడిలో పిల్లల సంగతి ఎవరికీ పట్టలేదు. అందుకే నేనే రాస్తున్నాను.

మంచి మాట ముందు చెప్పాలి. ఈ కామిక్‌లు తయారు చేసింది సీబీఎస్ఈ బడుల్లోని టీచర్లు, పిల్లలేనట. జాతీయ స్థాయిలో పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఎన్‌సీఈఆర్టీ వాటిని ఏర్చి కూర్చింది. మూడో తరగతి నుంచి పన్నెండో తరగతి దాకా పాఠాలకు తగ్గట్టు కథలు, పాత్రలు అల్లారు. నేను జిల్లా పరిషత్ బడుల్లో ఉద్యోగం చేసి రిటైరైనదాన్ని. బొమ్మ వేసి చెప్పిన పాఠం వెనక బెంచీ పిల్లాడికి కూడా గుర్తుండిపోతుందని నాకు బాగా తెలుసు. ఇన్నేళ్లకు ప్రభుత్వం కామిక్‌ను చదువులో భాగంగా ఒప్పుకుందంటే నిజంగా సంతోషించాను. కామిక్ చదివితే పిల్లలు చెడిపోతారని బ్యాగులు వెతికి లాక్కున్న రోజులు చూశాం కదా.

కానీ విడుదల చేసిన ఆ పుస్తకం ఎక్కడుంది? దీక్షా అనే కేంద్ర విద్యాశాఖ వెబ్‌సైట్‌లో ఉందట. ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే యాప్‌లో చూడొచ్చట. వాట్సాప్‌లో దానంతటదే జవాబిచ్చే చాట్‌బాట్‌ని అడిగినా వస్తుందట. అచ్చు పుస్తకం మాట మాత్రం నేను చదివిన వార్తలో లేదు. మన ఊళ్లలో ఇంటికి ఒక స్మార్ట్ ఫోన్ ఉంటే గొప్ప. అది తండ్రి జేబులో పనికి పోతుంది, చీకటి పడ్డాక ఇంటికి వస్తుంది. అప్పటికి ఛార్జింగ్ ఉండదు, ఉన్నా డేటా అయిపోయి ఉంటుంది. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో పెద్దవాడి ఆన్‌లైన్ క్లాసుకే ఆ ఫోన్ చాలదు. ఇది తెలిసే కదా నిరుడు సెప్టెంబరు 1 నుంచి మన విద్యాశాఖ దూరదర్శన్ యాదగిరిలో, రాష్ట్ర ప్రభుత్వ విద్యా ఛానల్ టీ-శాట్‌లో పాఠాలు చెప్పించింది! ఫోన్ లేని ఇళ్లు ఎన్నో ఇక్కడి అధికారులకు తెలుసు. ఢిల్లీకి ఆ కబురు చేరవేయాల్సింది కూడా వాళ్లే.

ఫోన్ ఉన్నా సరే, కామిక్ చదివే తీరు వేరు. పిల్లవాడు పేజీ తెరవగానే ముందు పేజీ మొత్తం చూస్తాడు. పెద్ద బొమ్మ దగ్గర కన్ను ఆగుతుంది. తర్వాత మొదటి గడికి వచ్చి వరసగా చదువుకుంటూ పోతాడు. మధ్యలో వెనక్కి వెళ్లి, రాక్షసుడి చేతిలో గద ఇందాక ఉందా లేదా అని చూసుకుంటాడు. కొత్త సంగతి పేజీ తిప్పితేనే తెలిసేలా గీస్తారు, ఆ తిప్పడంలోనే సగం ఆనందం. అరచేతిలో పట్టే ఫోన్ తెర మీద ఒక్కో గడిని వేళ్లతో సాగదీసుకుంటూ చదివితే ఇదంతా పోతుంది. ఇక పుస్తకమైతే నలుగురు తలలు ఆనించి చదువుతారు. చదవడం రానివాడు బొమ్మలు చూస్తూ పక్కవాడి నోట కథ వింటాడు, వింటూ వింటూ అక్షరాలు పట్టుకుంటాడు. ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లలు మన రాష్ట్రంలో నిరుడు మార్చి తర్వాత బడి ముఖమే చూడలేదు. ఫిబ్రవరిలో తొమ్మిది, పది తరగతులు, ఆ తర్వాత ఆరు, ఏడు, ఎనిమిది తెరిచారు గానీ చిన్నపిల్లల వంతు రాకముందే అన్నీ మళ్లీ మూశారు. ఏడాదిగా అక్షరానికి దూరమైన ఈ చిన్నవాళ్లకే కదా బొమ్మల పుస్తకం ముందుగా అందాల్సింది!

ఇంకొక మాట. ఈ కామిక్‌లు కొత్త జాతీయ విద్యా విధానానికి అనుగుణంగా ఉన్నాయని చెప్పారు. 2020లో వచ్చిన ఆ విధానమే కనీసం ఐదో తరగతి దాకా, వీలైతే ఎనిమిదో తరగతి దాకా మాతృభాషలో చెప్పమంటోంది. మరి ఈ వార్తలో తెలుగు ఊసే కనపడలేదు. పైగా మన సర్కారు బడుల్లో చదివేది రాష్ట్రం వేసిన పుస్తకాలు. ఎన్‌సీఈఆర్టీ పాఠాలకు గీసిన కామిక్ మన మూడో తరగతి పాఠంతో ఎంతవరకు కలుస్తుందో ఎవరైనా కూర్చుని చూడాలి. రాష్ట్ర పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఎస్‌సీఈఆర్టీలో ఆ పని చేయగల టీచర్లు ఉన్నారు. వాళ్లకు అప్పజెబితే అనువాదం ఒక్కటే కాదు, కాకతీయుల చెరువుల మీద, పోచంపల్లి మగ్గం మీద, నల్లమల చెంచుల మీద మన కామిక్‌లు మనమే వేసుకోవచ్చు.

ప్రతి అంశం వెనకా ఒక వర్క్‌షీట్ పెట్టారని చదివి నాకు బాధ కలిగింది. కథ అయిపోగానే ప్రశ్నలు అడిగితే పిల్లవాడు తర్వాతి కథ తెరిచేటప్పుడే ప్రశ్నల కోసం భయపడతాడు. వాడికి ఇష్టమొచ్చినట్టు చదివి పక్కన పడేసే హక్కు ఉండాలి. నిద్రపోతూ తలగడ కింద పెట్టుకునే పుస్తకం కావాలి. నేర్చుకోవాల్సింది ఎలాగూ నేర్చుకుంటాడు.

తెలుగువాళ్లకు ఇది కొత్త విద్య కాదు. 1945లో మద్రాసు నుంచి రేడియో అన్నయ్య న్యాపతి రాఘవరావు గారు, అక్కయ్య కామేశ్వరి గారు ‘బాల’ పత్రిక తెచ్చారు. పిల్లలు రాసింది పిల్లల కోసం అచ్చువేశారు. ముళ్లపూడి వెంకటరమణ గారి తొలి కథ, బాపు గారి తొలి బొమ్మలు వచ్చింది అందులోనే. పసితనంలో తమ పని అచ్చులో చూసుకున్నవాళ్లు తర్వాత ఏమయ్యారో మనందరికీ తెలుసు. ఇప్పుడు సీబీఎస్ఈ పిల్లలు గీసిన బొమ్మలకూ ఆ గౌరవం దక్కాలి కదా! 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు ‘చందమామ’ మొదలుపెట్టారు. కొడవటిగంటి కుటుంబరావు గారు ఏళ్ల తరబడి దాన్ని నడిపారు. వాక్యం పిల్లల నోటికి తిరగాలని తెలుగును సానబట్టారు. చిత్రా, వడ్డాది పాపయ్య, శంకర్ గార్లు బొమ్మలు వేశారు. శవాన్ని భుజాన వేసుకుని నడిచే విక్రమార్కుడి బొమ్మ గీసిన శంకర్ గారు నిరుడు సెప్టెంబరులో కన్నుమూశారు. ఈ జనవరిలో పద్మశ్రీ ప్రకటించారు. ఆయన బతికి ఉండగా ఆ గౌరవం ఎందుకు ఇవ్వలేకపోయారు? పత్రికేమో అంతకు చాలా ముందే చేతులు మారి ఆగిపోయింది. ఎన్నో భాషల్లో ఇంటింటికీ వెళ్లిన పత్రిక కళ్ల ముందే మూతపడుతుంటే ఏ సాంస్కృతిక శాఖా అడ్డుపడలేదు.

డబ్బు లేదంటారేమో, ఆ మాట నేను ఒప్పుకోను. ఇంటిపన్ను కట్టే ప్రతి ఒక్కరం రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. 1960 నాటి గ్రంథాలయాల చట్టంలోనే ఆ నిబంధన ఉంది. వసూలు చేసిన పురపాలక సంఘాలు, పంచాయతీలు ఆ సొమ్మును జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. చేయకుండా బకాయి పెడుతున్నారని మీ పత్రికే ఎన్నోసార్లు రాసింది. మా డబ్బు మా దగ్గర వసూలు చేసి, మా పిల్లల పుస్తకాలకు ఖర్చు పెట్టకపోవడం ఏం న్యాయం? బడి చదువుల కోసం కేంద్రం పెట్టిన సమగ్ర శిక్ష పథకం కింద ఒక్కో సర్కారు బడికి ఏటా ఐదు వేల నుంచి ఇరవై వేల వరకు లైబ్రరీ గ్రాంటు ఉంది. ఆ డబ్బుతో కొన్న పుస్తకాలు పిల్లలకు చేరుతున్నాయా? నేను పనిచేసిన ఒక బడిలో కథల పుస్తకాలు కట్టలు విప్పకుండానే బీరువాలో ఉండేవి. పుస్తకం చిరిగినా పోయినా స్టాక్ రిజిస్టర్ ముందేసుకుని ఇన్‌స్పెక్షన్‌లో అడుగుతారని హెడ్‌మాస్టర్‌కు టెన్షన్. చివరికి ఆ కట్టలకు చెద పట్టింది. చదివి చిరిగిన పుస్తకానికి సంజాయిషీ అడిగే అధికారి, చెద తిన్న పుస్తకం గురించి మాత్రం ఒక్క మాట అడగలేదు. ఇప్పటికీ ఆ కోపం నాకు తగ్గలేదు.

రాష్ట్ర విద్యాశాఖ వారిని నేను కోరేది ఇదే. ఏటా పాఠ్యపుస్తకాలు అచ్చువేయించి ఊరూరికీ ఉచితంగా పంపుతున్నారు. అదే బండిలో ప్రతి ప్రాథమిక బడికి కొన్ని తెలుగు కామిక్ పుస్తకాలు పంపండి. ఈ వంద కామిక్‌లలో ఏవి మన పిల్లలకు పనికొస్తాయో ఎంచి, వేసవిలోనే తెలుగు చేయించండి. చిరిగిన పుస్తకానికి టీచర్‌ను బాధ్యులను చేయబోమని రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వండి. బడులు తెరిచేదాకా ఆగకుండా పుస్తకాలను పిల్లల ఇళ్లకు చేర్చండి. సెస్సు బకాయి ఎంతుందో, ఎప్పటిలోగా కడతారో జిల్లాలవారీగా ప్రకటించమని పురపాలక శాఖను ఆదేశించండి. దీనికి విద్యాశాఖ అధికారులు ఏం జవాబు చెబుతారో మీ పత్రికలోనే చూడాలని ఉంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఉపాధ్యాయురాలు,
సూర్యాపేట