పళ్ల మీది ఆ మరకలు తోమితే పోవు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

సోమవారం పొద్దున ప్రార్థనలో నిలబడిన పదో తరగతి పాపకు నోట్లోంచి రక్తం వచ్చిన మాట నిజమే. బడి నీళ్ల వల్లనని కొందరు, మధ్యాహ్న భోజనం వల్లనని కొందరు ఊళ్లో అనుకుంటున్నారని విన్నాను. రెండూ కావు. గ్రూప్ ఫోటో దగ్గర పడుతోందని ఆ పాప, ఆమె స్నేహితురాళ్లు వంటసోడాలో నిమ్మరసం పిండి, దానితో రోజుకు నాలుగైదు సార్లు పళ్లు తోముతున్నారు. పళ్లు తెల్లబడతాయని ఫోన్‌లో ఎవరో చెప్పారట. ఆ రోజు బ్రష్ గట్టిగా తగిలి చిగురు చీరుకుపోయింది. పాప ఇప్పుడు బాగుంది, రోజూ తరగతికి వస్తోంది. వాళ్ల అమ్మానాన్నలను అడిగే ఇదంతా రాస్తున్నాను. దయచేసి ఇక ఆ ఇంటికి వెళ్లి ఆరాలు తీయకండి.

 

గురువారం దంత వైద్యురాలిని పిలిపించి పై తరగతుల పిల్లలందరి నోళ్లు చూపించాం. చాలామందికి చిగురు అంచున పన్ను అరిగి, గోరు పెడితే తెలిసేంత గాడి పడింది. కొందరికి చిగురే జరిగిపోయి పంటి వేరు బయటపడింది. చల్లనీళ్లు తాగితే పళ్లు జివ్వుమంటున్నాయని పిల్లలు ఆమెకు చెప్పారు. ఇంతవరకు ఇళ్లలో ఎందుకు చెప్పలేదని అడిగితే, "చెబితే సరిగ్గా తోమట్లేదని తిడతారు మేడమ్" అన్నారు.

పన్ను పైనుండే ఎనామెల్ మన ఒంట్లో అన్నిటికన్నా గట్టి పదార్థం. అయినా అందులో జీవకణాలు ఉండవు. విరిగిన ఎముక అతుక్కుంటుంది గానీ అరిగిన ఎనామెల్ మళ్లీ పెరగదు. జరిగిన చిగురు కూడా తనంతట తాను వెనక్కి రాదు. చిగురు కింద దాగి ఉండే వేరుకు ఎనామెల్ రక్షణ లేదు. అది ఒకసారి బయటపడితే బ్రష్ రాపిడికి తొందరగా అరుగుతుంది. నిమ్మరసంతో నష్టం ఇంకా ఎక్కువ. పులుపు తగిలిన ఎనామెల్ కాసేపు మెత్తబడుతుంది, ఆ సమయంలో రుద్దితే పొర లేచిపోతుంది. పుల్లటివి తిన్నా, కూల్‌డ్రింక్ తాగినా నీళ్లతో పుక్కిలించి, కనీసం అరగంట ఆగాకే బ్రష్ పట్టాలి.

ఇక నేను అసలు చెప్పాలనుకున్న మాట. మన పిల్లల పళ్ల మీది పసుపు, గోధుమ రంగు చారలు మురికి కాదు! అవి ఫ్లోరైడ్ మచ్చలు. పాలపళ్ల కింద, దవడ లోపల అసలు పళ్లు తయారవుతున్న వయసులో, అంటే దాదాపు ఎనిమిదేళ్లలోపు, తాగిన బోరు నీళ్ల వల్ల పడ్డాయి. ఆ మచ్చ ఎనామెల్ లోపలే ఉంటుంది కాబట్టి పైన ఎంత రుద్దినా పోదు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. మన నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు పెద్దలు అంతకు మించిన నీళ్లు తాగే నడుములు వంగి మంచం పట్టారు. శివన్నగూడెం అంశల స్వామి గారు వంకర తిరిగిన ఆ ఒంటితోనే ఫ్లోరైడ్ మీద పోరాడి 2023లో కన్నుమూశారు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి లోకమంతా మన నల్లగొండ పేరే పెట్టుకుంది. ఇంత చరిత్ర ఉన్న జిల్లాలో, నీళ్లు చేసిన దానికి పిల్లలను "పళ్లు తోముకోవా?" అని చుట్టాల ముందు అడుగుతున్నాం. "ఆ పళ్లతో రేపు సంబంధాలు ఎట్లొస్తయి?" అన్న మాట ఇంట్లో వినే ఒక పాప మూడేళ్లుగా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. గ్రూప్ ఫోటోలో ఎవరి పళ్లనూ కంప్యూటర్‌లో తెల్లగా చేయొద్దని ఫోటోగ్రాఫర్‌కు ఖచ్చితంగా చెప్పాను.

నల్లా నీళ్లు వచ్చాక పెరిగిన చిన్న తరగతుల పిల్లల పళ్లు చూడండి, తేడా మీకే తెలుస్తుంది. అయినా ఆ నీళ్లు రుచిగా లేవని ఇంకా బోరు నీళ్లే తాగుతున్న ఇళ్లున్నాయని మన తొమ్మిదో తరగతి పిల్లలు తేల్చారు. ఆ పిల్లల గురించి చెప్పకుండా ఉండలేను. సైన్స్ మేడమ్ వెంట వీధి వీధి తిరిగి, బోరు నీళ్లలో, ఫ్లోరైడ్ ఉంటే రంగు మారే మందు చుక్కలు వేసి, ఎరుపు పసుపుగా మారిన ప్రతి బోరునూ మ్యాపులో గుర్తించారు. అందులో ఇద్దరు అబ్బాయిలు కోడిగుడ్డు పెంకును రాత్రంతా నిమ్మరసంలో ఉంచి, పొద్దున బ్రష్‌తో రుద్ది చూపించారు. పెంకు చిరిగిపోగానే హాలంతా నిశ్శబ్దమైంది. సోడా, నిమ్మరసం వాడిన అమ్మాయిలే ముందుగా లేచి ప్రశ్నలు అడిగారు. ఈ ప్రాజెక్టు జిల్లా స్థాయికి వెళ్తోంది. మన ఖో-ఖో అమ్మాయిలు కూడా జిల్లాకు ఎంపికయ్యారు.

మీరందరూ పిల్లల మంచి కోరేవాళ్లే. అందుకే కొన్ని విషయాలు సూటిగా రాస్తున్నాను. నోట్లో బ్రష్ పెట్టుకుని అరగంట వీధిలో తిరగడం శుభ్రత కాదు. ఇటుక పొడి, బొగ్గు పళ్లను అరగదీస్తాయి. "ఇంకా గట్టిగా తోము" అని పక్కన నిలబడి చెప్పే నాన్నలు ఆ మాట ఇవాళే మానేయాలి. కుచ్చు నాలుగు వైపులా విచ్చుకున్న బ్రష్‌ను ఏడాది వాడిస్తున్న ఇళ్లున్నాయి. మూడు నెలల లోపే అలా విచ్చుకుంటే పిల్లలు గట్టిగా అదుముతున్నారని అర్థం. మెత్తని కుచ్చు బ్రష్ కొనండి. బఠాణీ గింజంత పేస్టు చాలు. పెన్ను పట్టుకున్నట్టు వేళ్లతో పట్టుకుని, చిగురు దగ్గర కాస్త వాలుగా ఆనించి మెల్లగా తిప్పాలి. పొద్దున ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి, రెండేసి నిమిషాలు చాలు. పొద్దున ఇంతసేపు రుద్దే మన ఇళ్లలో రాత్రి పూట బ్రష్ ముట్టేవాళ్లే తక్కువ. పిల్లలు ఫోన్ చూస్తూ చిప్స్ తింటూ నిద్రపోతున్నారు.

ఇదంతా చదివి తోమడమే తగ్గించమన్నానని అనుకోవద్దు. చిగుళ్ల నుంచి రక్తం రావడానికి పాచి పేరుకోవడం కూడా కారణం కావచ్చు. మెల్లగా తోముతూనే డాక్టరుకు చూపించండి.

మూడో శనివారం తల్లిదండ్రుల సమావేశానికి డాక్టరు గారు మళ్లీ వస్తున్నారు. పిల్లలు వాడుతున్న బ్రష్‌ను తప్పక తీసుకురండి. గాడి పడిన పళ్లకు ఫిల్లింగ్ ఎవరికి అవసరమో ఆమె ఆ రోజే రాసిస్తారు. పది గంటలకు మొదలవుతుంది. ఈసారి నాన్నలు కూడా రావాలి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు