‘బాగవుతుందా?’ అంటే ‘ఏది?’ అని అడగాలి

సంపాదకుల గారికి, నమస్కారం.

కియారి మాల్‌ఫార్మేషన్‌కు ఆపరేషన్ చేస్తే పెద్దవాళ్లలో ఎవరికి నయమవుతుందో కంప్యూటర్‌తో ముందే అంచనా వేసే ప్రయత్నాల గురించి మీ ఆరోగ్య పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. నేను ఆ ఆపరేషన్ చేయించుకున్న స్కూల్ టీచర్ని, వయసు 44. వ్యాసం మొత్తంలో ‘ఫలితం బాగుంటుంది’, ‘బాగుండదు’ అని రెండే మాటలు కనిపించాయి. నా అభ్యంతరం అక్కడే.

చిన్నమెదడు కింది కొసలు పుర్రె అడుగున ఉన్న రంధ్రంలోంచి మెడ వైపు జారడమే ఈ జబ్బు. 1891లో హాన్స్ కియారి అనే ఆస్ట్రియా పెథాలజిస్టు దీన్ని వివరించారు. ఆ కొసల పేరు కూడా టాన్సిల్సే. అందుకని నన్ను చూడడానికి వచ్చిన ప్రతివాళ్లకూ ‘గొంతులోవి కావండీ’ అని మొదటి నుంచి చెప్పుకురావాల్సి వచ్చేది.

నాకు మొదలైంది నవ్వుతో. క్లాసులో ఒక పిల్లవాడు ఏదో అంటే గట్టిగా నవ్వాను. తల వెనుక, మెడ మొదట్లో సుత్తితో కొట్టినట్టయింది. బల్ల పట్టుకుని నిలబడిపోయాను. కొన్ని క్షణాల్లో పోయింది. ఆ తర్వాత దగ్గినా తుమ్మినా అదే. నాలుగేళ్లపాటు ఒకరు మైగ్రేన్ అన్నారు, ఇంకొకరు మెడ ఎముకల అరుగుదల అన్నారు. చివరికి తలకు ఎమ్మారై తీస్తే కొసలు 7 మిల్లీమీటర్లు దిగాయని తేలింది. మామూలుగా 5 దాటితే కియారి అంటారు. ‘ఏడే కదా, పెద్దగా ఏం లేదు’ అని అప్పుడు చూసిన డాక్టర్ పంపేశారు. నేనూ హమ్మయ్య అనుకుని వచ్చేశాను. మిల్లీమీటర్లకూ బాధకూ పొంతన ఉండదని అప్పట్లో నాకు తెలియదు. ఎక్కువ దిగినా ఏ బాధా లేనివాళ్లున్నారు, వాళ్లకు సాధారణంగా ఆపరేషన్ అక్కర్లేదు. కొంచెమే దిగినా నలిగిపోయేవాళ్లూ ఉన్నారు.

ఆ తర్వాత కొన్ని నెలలకు బట్టలు ఇస్త్రీ చేస్తుంటే కమురు వాసన వచ్చింది. బట్ట మాడిందనుకుని చూశాను. ఇస్త్రీ పెట్టె ఆనుకుని ఉన్నది నా ఎడమ చేతికి. చిటికెన వేలి పక్కన చర్మం తెల్లబడి పొక్కుతోంది. ఏదో తగులుతోందని చేతికి తెలుస్తోంది, కాలుతోందని తెలియడం లేదు. అప్పుడు మెడకూ వెన్నుకూ ఎమ్మారై తీశారు. వెన్నుపాము మధ్యలో నీరు చేరి గొట్టంలా ఉబ్బి ఉంది. దాన్ని సిరింక్స్ అంటారు. వేడినీ నొప్పినీ మోసే నరాలు వెన్నుపాము నడిమధ్య నుంచే అటువైపుకు దాటతాయని, అందుకే ముందు దెబ్బ తినేది అవేనని న్యూరోసర్జన్ కాగితం మీద బొమ్మ గీసి చూపించారు.

‘ఆపరేషన్ చేస్తే బాగవుతుందా డాక్టర్ గారూ?’ అని అడిగాను.

‘ఏది?’ అన్నారాయన.

అదే కాగితం మీద ఒక్కొక్కటే రాశారు. తుమ్మితే వచ్చే నొప్పి తగ్గే అవకాశం బాగా ఎక్కువ. సిరింక్స్ చాలామందిలో నెలల మీద చిన్నదవుతుంది. చేతికి మళ్లీ వేడి తెలిసే సంగతి మాత్రం మాటివ్వలేను, ఆలస్యమైంది. కండ కరగడం మొదలైతే పోయింది తిరిగి రావడం కష్టం, కాబట్టి ఇక ఆగొద్దు.

తల వెనుక కొంత ఎముక, మొదటి మెడపూస వెనుక భాగం తీసి, మెదడు మీది పొరను విప్పి అతుకు వేశారు. కుట్ల దగ్గర నీరు కారడంతో ఇంకో పది రోజులు ఆస్పత్రిలోనే ఉన్నాను. ఆరో వారం అనుకుంటా, తుమ్ము రాబోయింది. అలవాటు కొద్దీ రెండు చేతులతో తల వెనుక అదిమి పట్టుకుని కళ్లు మూసుకున్నాను. తుమ్మాను. నొప్పి రాలేదు. వంటింట్లోనే కూర్చుని ఏడ్చేశాను. ఏడాదికి సిరింక్స్ సగానికి తగ్గింది. ఎడమ చేతికి వేడి ఇప్పటికీ తెలియదు. నీళ్లు వేడిగా ఉన్నాయో లేదో కుడిచేత్తోనే చూసుకుంటాను. అయినా మోసపోయానని ఒక్కనాడూ అనిపించలేదు. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

ఈ ఆపరేషన్ ఫలితాలను కొలవడానికి 2012లో షికాగో డాక్టర్లు ఒక స్కేల్ ప్రచురించారు. నొప్పి, నొప్పి కాని లక్షణాలు, పని చేసుకోగలగడం, ఆపరేషన్ వల్ల వచ్చిన చిక్కులు, ఈ నాలుగింటికీ తలా 4 మార్కులు, మొత్తం 16. నా లెక్క నేనే వేసుకున్నాను. నొప్పి పూర్తిగా పోయింది కాబట్టి 4. చెయ్యి ఉన్నట్టే ఉంది, 2. ఉద్యోగం ఎప్పటిలా చేసుకుంటున్నాను, 4. నీరు కారి తగ్గిపోయింది, 3. మొత్తం 13. చేతికి వేడి మళ్లీ పూర్తిగా తెలిసి, ఏ చిక్కూ లేకుండా కోలుకుని, నొప్పి మాత్రం కాస్త కూడా తగ్గక అప్పుడప్పుడూ సెలవు పెట్టే మనిషికీ 13 రావచ్చు. ఆ మనిషి బతుకు, నా బతుకు ఒకటేనా? స్కేల్‌ను తప్పుపట్టడం లేదు, నాలుగు గడులు విడిగా ఉంచింది అదే. వాటిని కలిపి ఒకే అంకె చేసి కంప్యూటర్‌కు నేర్పితే మాత్రం అది ఒకే అంకె తిరిగి చెబుతుంది. రోగికి కావలసింది ఆ నాలుగు గడులూ విడివిడిగా. ఎన్నాళ్ల నుంచి బాధ ఉంది, దగ్గితే నొప్పి వస్తుందా, సిరింక్స్ ఉందా, కండ తగ్గిందా అన్నవి కూడా కంప్యూటర్ అంచనాలోకి ఎక్కాలి.

ఈసారి ఈ జబ్బు గురించి రాసేటప్పుడు దయచేసి ఒక సంగతి చేర్చండి. దగ్గినప్పుడో నవ్వినప్పుడో తల వెనుక నొప్పి వచ్చేవాళ్లకు చేతుల్లో తిమ్మిరిగానీ, వేడి తెలియకపోవడంగానీ ఉంటే తలకు తీసిన ఎమ్మారైతో ఆగిపోవద్దని, వెన్నుపాముకు కూడా తీయాలా అని డాక్టర్‌ను అడగమని రాయండి. ఆ ప్రశ్న నేను తలకు ఎమ్మారై తీసిన రోజే అడిగి ఉంటే నా చేతికి కొన్ని నెలలు ముందే వైద్యం అందేది.

ఇట్లు,
ఒక ఉపాధ్యాయురాలు